కచేరి గోడ మీద కాగితం



ఎప్పుడూ విత్తనశుద్ధి అనీ, పత్తిలో గులాబీ రంగు పురుగు అనీ, సోయాలో కలుపు అనీ చెప్పే మనిషి ఈ పూట కచేరి గురించీ కాగితం గురించీ ఎత్తుకున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే తప్పు లేదు. కాని సిర్గాపూర్ మండలంలో ఊరూరా తిరుగుతూ నేను వింటున్న మాటలను చూస్తే, పురుగు గురించి అడిగినవారికంటే "నా పైసలు ఏడ ఆగినయి సారూ" అని అడిగినవారే ఎక్కువ. చేనుకు తెగులు వస్తే ఆకు తిప్పి చూసి చెప్పవచ్చును. దఫ్తరులో ఆగిన పనికి ఆకు లేదు, కాడ లేదు. దానికి చూడవలసినది కాగితమే. ఆ కాగితం చూసే హక్కు మీకు ఉన్నది. ఎట్లా చూడాలి, చూపించవలసిన మావంటివాళ్లం ఎందుకు దాచిపెడతాము, ఇదే ఈనాటి ముచ్చట.

ముందు ఒక లెక్క వేయండి. తండా నుంచి ఒక పెద్దాయన సిర్గాపూర్ వస్తాడు. ఆ దినం కూలి పోయింది. ఆటో కిరాయి పోయింది. "సారు మీటింగుకు పోయిండు, రేపు రా" అన్నారు. మరునాడు వస్తే "నీ కాగితం ఖేడ్ పోయింది" అన్నారు. నారాయణఖేడ్ పోతే "సంగారెడ్డిల అడుగు" అన్నారు. పని అయిందా కాలేదా అన్నది తరువాతి మాట. కాగితం ఏ బల్ల మీద ఉన్నదో తెలుసుకునేందుకే నాలుగు దినాలు. ఆ నాలుగు దినాలలో ఇక్కడ పత్తి చేనిలో గడ్డి మోకాలికి వస్తుంది.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు, కొత్త మండలాలు ఏర్పడినప్పుడు సిర్గాపూర్ మండల కేంద్రమైంది. మెదక్ జిల్లా నుంచి విడివడి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాము. కచేరి దగ్గరయింది, సంతోషమే. అయితే కచేరి దగ్గర కావడం వేరు, కచేరిలోని సంగతి దగ్గర కావడం వేరు.

మన ప్రాంతానికి ఈ దూరం కొత్తదేమీ కాదు. 1956కు ముందు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నిజాం కాలంలో సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. ఇంట్లో తెలుగో, కన్నడమో, మరాఠీయో, లంబాడీ మాటో మాట్లాడుకునే రైతుకు తన భూమి గురించి వ్రాసిన అక్షరం తనకే తెలియదు. పట్వారీ దస్తరం గుడ్డమూటలో ఉండేది. మూట విప్పినప్పుడు అది పహాణీ, మూట కట్టినప్పుడు రహస్యం. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అన్న పేరు మీరు వినే ఉంటారు. ఈనాటికీ భూమి తగాదా వస్తే ముందు వెదికేది దానినే. అందులో తాత పేరు ఉన్నదో లేదో తెలియకనే కాలం గడిపిన తండ్రులు ఎంతమందో! 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. వారి తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారి పదవి కూడా 2020లో పోయింది. మనుషులు మారారు. దస్తరం మాత్రం గుడ్డమూట నుంచి బీరువాలోకి, బీరువా నుంచి కంప్యూటరులోకి మారింది.

1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లోనూ, తొమ్మిది రోజులకు, అనగా అక్టోబరు 11న, మన షాద్‌నగర్‌లోనూ జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. సమితులు వచ్చాయి, గ్రామసేవకులు వచ్చారు. అధికారం ఊరికి రావాలన్నది ఆనాటి ఆశ. అధికారాన్ని పంచేందుకు చట్టం వచ్చింది గాని, సర్కారు కాగితాన్ని సామాన్యుడు అడిగి చూడవచ్చునన్న చట్టం దేశమంతటికీ రావడానికి ఇంకో నలభై ఆరు సంవత్సరాలు పట్టింది. ఆంగ్లేయులు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం మాత్రం స్వరాజ్యం వచ్చాక కూడా చెక్కుచెదరలేదు.

ఈ హక్కును సంపాదించింది పెద్ద చదువుల వాళ్లు మాత్రమే అనుకోవద్దు. దాని వెనుక మట్టి తట్టలు మోసినవారి చెమట ఉన్నది. రాజస్థాన్‌లో కరువు పనులకు పోయిన కూలీలకు చట్టం చెప్పిన కూలి అందేది కాదు. "మీరు చేసిన పని అంతే, కొలతలు అట్లా వచ్చాయి" అనేవారు. "ఆ కొలతల పుస్తకం చూపండి, హాజరు పట్టీ చూపండి" అంటే, "అది సర్కారు రహస్యం" అనేవారు. మనిషి మోసిన మట్టి లెక్క ఆ మనిషికే రహస్యమా? 1990 మే 1న అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ మొదలైనవారు ఊరివాళ్లతో కలిసి దాన్ని నడిపించారు. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లాలోని కోట్ కిరానా అనే ఊరిలో మొదటి బహిరంగ విచారణ జరిపారు. జరిపిందేమిటి? ఊరి మధ్యన కూర్చొని, దొరికిన కాగితాలను పైకి చదివారు. అంతే. లెక్కల్లో ఉన్న పేర్లు, పూర్తయిందన్న పనులు ఒకటొకటిగా చదువుతుంటే, ఎదుట కూర్చున్నవాళ్లే నిజమేదో అబద్ధమేదో చెప్పారు. అడిటరు నెలలు పట్టి పట్టుకోలేనిది ఊరు ఒక పూటలో పట్టుకుంటుంది. ఎందుకంటే ఆ గోడ కట్టినారా లేదా అన్నది ఊరికి ముందే తెలుసు. తెలియనిది కాగితంలో ఏమి వ్రాశారన్నదే. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. చివరకు 2005లో పార్లమెంటు సమాచార హక్కు చట్టాన్ని చేసింది. ఆ సంవత్సరం అక్టోబరు 12 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు పోతాను. సర్కారు కాగితాలను ప్రజలు చూడవచ్చునని లోకంలో మొట్టమొదట చట్టం చేసింది స్వీడన్ రాజ్యం, 1766లో. అదీ డిసెంబరు 2నే! దానికి గట్టిగా పాటుబడినవారిలో ఆండర్స్ చిడేనియస్ అనే పల్లెటూరి పాదిరి ఒకడు. అతని ప్రాంతపు రైతులు అడవిలో దేవదారు వేళ్లు కాల్చి తారు తీసి అమ్ముకునేవారు. కాని దాన్ని నేరుగా పరదేశానికి అమ్మకూడదు, రాజధాని వర్తకుల చేతుల మీదుగానే పోవాలని శాసనం. ధర ఎవరు కట్టేవారో, నష్టం ఎవరిదో మీరే ఊహించుకోగలరు. ఆ శాసనాన్ని ఎదిరించబోయి, కచేరి తలుపులు తెరవక పోతే సంత తలుపులు తెరుచుకోవని అతనికి తెలిసివచ్చింది. రైతు గిట్టుబాటుకూ ఈ హక్కుకూ ఆదినుంచీ సంబంధం ఉన్నదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఇక మన నేలకు వద్దాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత జిల్లాలలో అప్పటి మన మెదక్ కూడా ఉన్నది. ఆ పథకం చట్టంలోనే సామాజిక తనిఖీ అన్న నిబంధన పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ 2006లోనే దాన్ని మొదలుపెట్టింది, 2009లో దానికోసం ఒక ప్రత్యేక సంస్థనే ఏర్పరచింది. మీలో చాలామంది చూసే ఉంటారు. తనిఖీ బృందం ఊరికి వచ్చేది, మస్టర్లు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది, "ఈ వారం నువ్వు ఆరు దినాలు పనికి పోయినవా, ఇంత పైసలు ముట్టినాయా" అని అడిగి వ్రాసుకునేది, టేపు పట్టి గుంతలు కొలిచేది, ఆపైన గ్రామసభలో చదివేది, చివరకు మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టేది. అధికారులూ కూలీలూ ఒకే డేరా కింద కూర్చునేవారు. రాజస్థాన్‌లో కూలీలు పోరాడి చేసిన పనిని ఇక్కడ సర్కారే తన ఖర్చుతో చేయించింది. ఇది మన రాష్ట్రాల రైతుకూలీలు గర్వించదగిన సంగతి. తేలిన సొమ్మంతా తిరిగి వసూలైందా అంటే, కాలేదు. పట్టుకోవడంలో ఉన్న చురుకు వసూలు చేయడంలో లేకపోయింది. అయినా మస్టరును పైకి చదవడమన్న అలవాటు ఊరికి ఒకసారి పట్టింది. ఆ అలవాటు పోగొట్టుకోకూడదు.

సరే, మీరు చేయవలసిన పని దగ్గరకు వస్తాను. ఇది జాగ్రత్తగా వినండి.

సమాచార హక్కు కింద దరఖాస్తు తెల్లకాగితం మీద, తెలుగులోనే వ్రాయవచ్చును. ఎందుకు కావాలని ఎవరూ అడగకూడదు. మీరు చెప్పనక్కర లేదు. వ్రాయరానివారు వచ్చి నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయపడవలసిన బాధ్యత ఆ కార్యాలయపు సమాచార అధికారిదే. ఇది దయాదాక్షిణ్యం కాదు, చట్టంలో ఉన్న మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అసలే లేదు, కార్డు నకలు జతచేస్తే చాలును. జవాబు 30 రోజులలో రావాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలలో రావాలి. మీరు తప్పు కార్యాలయంలో ఇచ్చారనుకోండి, "ఇది మాది కాదు, పో" అని తిప్పి పంపకూడదు. వాళ్లే 5 రోజులలో సరైన కార్యాలయానికి పంపాలి. ఈ ఒక్క నిబంధన తెలిస్తే ఖేడ్‌కూ సంగారెడ్డికీ తిరిగే తిరుగుడు సగం తగ్గుతుంది. గడువు దాటిపోతే నకళ్లకు పైసలు తీసుకోకుండా ఇవ్వాలి.

అయితే అసలు కిటుకు అడగడంలో ఉన్నది. మనవాళ్లు చాలామంది "నాకు రైతు భరోసా ఎందుకు రాలేదు? నాకు న్యాయం చేయగలరు" అని వ్రాస్తారు. అది అర్జీ అవుతుంది గాని సమాచార దరఖాస్తు కాదు. ‘ఎందుకు’ అన్నదానికి అధికారి ఒక్క ముక్కలో "పరిశీలనలో ఉన్నది" అని వ్రాసి చేయి కడుక్కోవచ్చు. కాబట్టి కాగితాన్ని అడగండి. ఇట్లా వ్రాయండి: "ఫలానా తేదీన నేను ఇచ్చిన దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి వద్దకు పోయినది, ఆయన దానిపై ఏమి వ్రాసినాడు, ఆ పుటల నకళ్లు ఇవ్వగలరు. మా గ్రామంలో ఈ సీజనుకు పథకం నుంచి తీసివేసిన సర్వే నంబర్ల పట్టిక, తీసివేయుటకు ఆధారమైన క్షేత్ర పరిశీలన నివేదిక నకలు ఇవ్వగలరు." ఇట్లా అడిగితే తప్పించుకునే సందు ఉండదు. పైగా చాలాసార్లు, జవాబు వ్రాయడానికి ఫైలు తీసిన రోజునే ఆగిన పని కదులుతుంది. ఎందుకంటే, ఆ ఫైలు ఎన్నాళ్లు ఎవరి దగ్గర పడుకున్నదో వ్రాసి సంతకం పెట్టవలసిన మనిషికి దానికంటే పని చేసిపెట్టడమే తేలిక.

కాగితమే కాదు, కార్యాలయానికి పోయి రికార్డును స్వయంగా చూడవచ్చు, ముఖ్యమైనవి వ్రాసుకోవచ్చు, జరుగుతున్న పనిని చూడవచ్చు, పనిలో వాడే సరుకు నమూనా కూడా తీసుకోవచ్చు. చెరువు తూముకు వేస్తున్న సిమెంటు కలుపు మీద మీకు అనుమానం ఉంటే ఈ చివరి హక్కు గుర్తుంచుకోండి.

జవాబు రాకపోతేనో, వచ్చినది సరిగా లేకపోతేనో 30 రోజులలోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికి రుసుము లేదు. అక్కడా కాకపోతే 90 రోజులలోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి దినానికి 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉన్నది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్న సంగతి ఒకటి కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరి తరువాత 2025 మే దాకా మన రాష్ట్రంలో ఆ కమిషన్‌కు కమిషనర్లే లేరు. తలుపు ఉన్నది, లోపల మనిషి లేడు. రెండేళ్లకు పైగా అప్పీళ్లు కుప్పపడ్డాయి. అందుచేత రెండవ అప్పీలు దాకా పోనక్కర లేకుండా మొదటి దరఖాస్తునే తూచి వ్రాసుకోవడం మంచిది.

ఇప్పుడు నా తోటి ఉద్యోగులతో రెండు మాటలు. రైతులు కూడా వినవచ్చును, దాచేదేమీ లేదు.

ఈ చట్టంలో అడిగితే ఇచ్చేది ఒక భాగం. అడగకముందే మనంతట మనం వెల్లడించవలసినది నాలుగవ సెక్షన్‌లో ఉన్నది. రాయితీ పథకాల అమలు తీరు, వాటికి కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు, ఇవన్నీ అందులో వ్రాసి ఉన్నాయి. మనలో ఎంతమంది ఆ పుట తిప్పి చూశాము? నేనైతే ఉద్యోగంలో చేరిన కొత్తలో చూడలేదు. చూడనందుకు ఒక రైతు నష్టపోయాడు. ఆ ముచ్చట చెబుతాను, ఊరి పేరు మాత్రం వద్దు.

వ్యవసాయ డిప్లొమా చేత పట్టుకొని ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు. అకాలపు వడగండ్లు పడి జొన్న, శనగ నేలకు ఒరిగాయి. పంట నష్టం వ్రాయమన్నారు. వారం రోజులు పొద్దున లేచింది మొదలు చీకటిపడేదాకా చేన్లు తిరిగి జాబితా వ్రాశాను, సొరుగులో పెట్టి తాళం వేశాను. ఒక పెద్దాయన వచ్చి "నా పేరు ఎక్కిందా బిడ్డా" అన్నాడు. "ఎక్కింది పో కాకా" అన్నాను, చూడకుండానే. రెండవసారి వచ్చాడు. పనిలో ఉన్నాను, రేపు రమ్మన్నాను. మూడవసారి వచ్చి, "ఆ కాగితం గోడకు అతికిస్తే ఏం పోతది బిడ్డా, మేమే సదువుకుంటం గద" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నన్ను దొంగ అంటున్నట్టు తోచింది. ఇంతలో ఆ ఊరి పిల్లవాడెవరో జాబితా కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. అది చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా పై అధికారి దాన్ని చదివి నవ్వి, "దీనికి ముప్పై రోజులు ఎందుకయ్యా, ఇయ్యాలనే పంచాయతీ గోడకు అతికించు" అన్నారు.

అతికించాను. ఒక పిల్లవాడు పైకి చదువుతుంటే నలభై యాభై మంది మూగారు. మధ్యాహ్నం లోపల నాలుగు తప్పులు బయటపడ్డాయి. ఒకటి, చనిపోయి రెండేళ్లయిన మనిషి పేరు. రెండు, సర్వే నంబరు పక్కన అక్షరం వదిలివేసి ఒకరి భూమి ఇంకొకరి కింద వ్రాశాను. మూడు, రెండు ఎకరాల పది గుంటలను పది ఎకరాల రెండు గుంటలు చేశాను. ఆ రైతే ముందుకు వచ్చి "నాకు అంత భూమి ఏడిది సారూ" అని నవ్వాడు. నాలుగవది ఆ పెద్దాయనది. ఆయన పేరే లేదు. పొద్దుగూకిన వేళ ఆయన చేనికి పోయాను, గట్టు మీద ఉన్న తమ్ముడి పేరు రెండుసార్లు వ్రాసి వచ్చాను.

జాబితా అప్పటికే రెండు రోజుల కింద పైకి పోయింది. సవరణ పంపాను. తక్కిన మూడూ సరిపోయాయి గాని, కొత్త పేరు చేర్చే గడువు దాటిందన్నారు. ఆ విడతలో ఆయనకు పైసా రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మొదటి దినమే సూపిస్తే నేనే చెప్పుదును గద బిడ్డా" అన్నాడు. దానికి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

జాబితా గోడకెక్కితే కొట్లాటలు అవుతాయని మనవాళ్లు భయపడతారు. అవుతాయి. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతటా గ్రామసభలు పెట్టి రైతు భరోసా, ఇందిరమ్మ ఇండ్లు, రేషన్ కార్డులు, కూలీల ఆత్మీయ భరోసా జాబితాలు చదివినప్పుడు చాలా ఊళ్లలో లొల్లి అయింది, అధికారులను నిలదీశారు. మన సిబ్బందికి అది కష్టమైన వారమే. కాని ఆలోచించండి: ఆ లొల్లి జాబితా చదివినందుకు పుట్టిందా, జాబితా తయారుచేసేటప్పుడు ఊరిని అడగనందుకు పుట్టిందా? ముసాయిదాగా ఉన్నప్పుడే అతికిస్తే వచ్చేవి సవరణలు. అంతా అయిపోయాక చదివితే వచ్చేవి తిట్లు. అట్లాగే ఈ చట్టం పేరు చెప్పి ఉద్యోగులను బెదిరించి బతికేవాళ్లు కొందరున్న మాట కూడా నిజమే. వాళ్ల చేతిలో ఆయుధం మన సొరుగు తాళమే. గోడ మీద ఉన్న కాగితాన్ని చూపించి ఎవరు ఎవరిని బెదిరించగలరు?

గోడకు ఏమి అతికించాలో, ఏమి అతికించరాదో తెలిసి ఉండాలి. పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, మంజూరైన సొమ్ము, ఇవి ఉండాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు ఎట్టి పరిస్థితిలోనూ ఉండరాదు. వాటిని చూసి ఖాతాలు ఊడ్చే దొంగలు ఈ కాలంలో చాలామంది. ఇంకొక సంగతి: 2025 నవంబరులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలో ఒక మార్పు వచ్చింది. ఇతరుల వ్యక్తిగత వివరాలు అడిగితే కాదనేందుకు కార్యాలయాలకు వీలు పెరిగింది. అయినా ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉన్నచోట ఇవ్వవచ్చునన్న నిబంధన అట్లాగే ఉన్నది, నాలుగవ సెక్షన్ కూడా ఉన్నది. దాచాలనుకునేవారికి ఈ మార్పు ఒక సాకు అవుతుందని నా భయం. మనం మాత్రం దాన్ని సాకు చేసుకోవద్దు.

భూమి రికార్డు సంగతి ఒక ముక్క చెప్పక తప్పదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూటలో కావడం అందులోని మేలు. ఆ మేలు పొందినవారు ఉన్నారు, కాదనను. కాని అందులో తప్పు పడినవాడు ఎక్కడికి పోవాలన్నది చిక్కుముడి అయింది. 2020 నాటి చట్టంలో రెవెన్యూ కోర్టులు పోయాయి, పైకి అప్పీలు లేదు, కోర్టుకు పోవలసిందే. రెండు గుంటల తప్పుకు వకీలును పెట్టుకోగలిగిన రైతులు ఎందరు? 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆర్డీవోకూ కలెక్టరుకూ అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరిచారు. ఆ జూన్ 3 నుంచి 20 దాకా ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఆనాడు ఇచ్చిన దరఖాస్తు రసీదు మీ దగ్గర ఉంటే పారవేయకండి. దాని మీది తేదీతోనే, పైన నేను చెప్పిన పద్ధతిలో, అది ఎంతదాకా వచ్చిందో అడగవచ్చును.

ఎరువుల ముచ్చట మీరే ఎత్తుతారని నాకు తెలుసు. 2025 వానకాలంలో యూరియా కోసం తెల్లవారకముందే పోయి వరుసలో చెప్పులు పెట్టి కూర్చున్న దినాలు ఎవరూ మరిచిపోలేదు. బస్తాలు తక్కువ రావడం ఒక బాధ. ఎన్ని వచ్చాయో, మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియకపోవడం రెండవ బాధ. మొదటిది మన మండలంలో తీరేది కాదు గాని, రెండవది ఒక సుద్దముక్కతో తీరుతుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి దుకాణదారు నిల్వనూ ధరనూ బోర్డు మీద వ్రాసి అందరికీ కనబడేట్టు పెట్టాలి, కొన్నదానికి బిల్లు ఇవ్వాలి. బోర్డు లేని దుకాణం కనబడితే మాకు చెప్పండి. మేము పట్టించుకోకపోతే మా పైవారికి వ్రాసి చెప్పండి. నోటిమాటగా కాదు, వ్రాసి.

నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. మన మండలంలో నల్లవాగు ప్రాజెక్టు ఉన్నది. కాలువ మొదట ఉన్న రైతుకు నీళ్లు వదిలిన సంగతి చప్పుడుతోనే తెలుస్తుంది. చివరన ఉన్న రైతుకు తేదీ తెలియాలి, ఎన్ని రోజులు పారుతాయో తెలియాలి, తెలిస్తే వరినారు పోయాలా, ఆరుతడి పంటకు పోవాలా అని తేల్చుకుంటాడు. తెలియక నారు పోసి ఎండబెట్టుకున్న మడి నష్టం ఏ జాబితాలోనూ ఎక్కదు. కాబట్టి నీళ్ల విడుదల నిర్ణయం ఏ రోజు ఏమని జరిగిందో ఆ కాగితం ఆయకట్టు కింది ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలని గ్రామసభలో తీర్మానం చేయించండి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలి. జరిగిందని పుస్తకంలో వ్రాసుకొని సంతకాలకోసం ఇంటింటికి పంపితే, ఆ సంతకం పెట్టకండి. ఆడవాళ్లు తప్పక రావాలి. మస్టరు చదివేటప్పుడు ఎవరు పనికి వచ్చారో, ఎవరు రాలేదో వాళ్లకు గుర్తున్నంత మనకు గుర్తుండదు.

కలెక్టరు కార్యాలయంలో సోమవారం నాడు ప్రజావాణి జరుగుతుంది. అక్కడికి పోయేవారు అర్జీ రెండు ప్రతులు పట్టుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ఇంట్లో పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి దీనికోసం పెట్టుకోండి. ఏ దినం ఏ కార్యాలయానికి పోయినారో, ఎవరిని కలిసినారో, ఏమన్నారో రెండు వరుసలు వ్రాయించండి. రసీదులు దానికే కుట్టిపెట్టండి. విత్తనం సంచి మీది చీటీ, కొన్న బిల్లు కూడా అందులోనే పెట్టుకుంటే, మొలక రాకపోయినప్పుడు పనికివస్తుంది.

దరఖాస్తు వ్రాయడం రానివారు, వ్రాసినది ఒకసారి చూపించుకోవాలనుకున్నవారు రైతు వేదికకు రండి. నేను ఊరు తిరగడానికి పోయి ఉంటే, ఏ ఊరు పోయానో, ఎప్పుడు తిరిగి వస్తానో తలుపు పక్కన పలక మీద వ్రాసి ఉంటుంది. వ్రాయకుండా పోయిన రోజున నన్ను అడగండి.

వచ్చే వారం కందిలో కాయతొలుచు పురుగు గురించి చెప్పుకుందాం. పూత మీద ఉన్న చేన్లలో ఈలోగా లింగాకర్షక బుట్టలు పెట్టుకోండి.